గోదాంలో సరుకు నిండుకుంది

నేను నొక్కిన ఒక్క బటన్ వల్ల పలాసలో ఒక జీడి ఫ్యాక్టరీ బాయిలరు చల్లారిపోయింది, నిమ్మాడ దగ్గర రోడ్డు పక్కన లారీలు వరసగా నిద్రపోయాయి, గోడ మీది లక్ష్మీదేవి పటం మేకు దిగి గేటు దాకా నడిచింది. ఇంత ఘనకార్యం చేసినదాన్ని ఒక పసిబిడ్డకి తల్లిని చేసి, వాడి పాలడబ్బా బాధ్యత కూడా నాకే అప్పగించారంటే ఈ లోకానికి ఎంత ధైర్యమో చూడండి.

ఈ నాలుగు ముక్కలూ రాసేలోపే ఒకసారి లేచి వెళ్ళి బాబు ముక్కు దగ్గర వేలు పెట్టి చూసొచ్చాను. ఊపిరి ఆడుతోంది. నమ్మకం కుదరక మళ్ళీ పెట్టి చూస్తే వాడు లేచి కయ్యిమన్నాడు. ఏడుస్తున్నాడంటే ఊపిరి ఉన్నట్టే కదా, అని జో కొట్టి వచ్చాను. ఎవరు ఏం చెప్పినా నేను ఇలాగే మూత తీసి చూస్తాను, వేలు పెట్టి చూస్తాను, అప్పటికీ పూర్తిగా నమ్మను. పుట్టుకతో నేనిలాంటి దాన్ని కాదు. నన్నిలా తయారు చేసింది ఒక తెలుగు మాట. ఆ మాట మీ ఇంట్లో కూడా ఉంటుంది. జాగ్రత్త.

నేను టెక్కలిలో బాప్టిస్టు మిషను కాంపౌండులో పెరిగాను. మా నాన్న స్కూలు మాస్టారు. ఉన్నది ఉన్నట్టు చెప్పాలన్నది ఆయన పట్టుదల. అందుకని మా ఇంట్లో బియ్యం అయిపోతే అమ్మ "బియ్యం అయిపోయాయి" అనేది. దీపం ఆరిపోతే ఆరిపోయింది అనేది. అంతకు మించి మాకు మర్యాదలు తెలియవు. హాస్టల్లో ఉండి డిగ్రీ చదివేటప్పుడు మాత్రం ఒక స్నేహితురాలి ఇంటికి సెలవులకి వెళ్ళేదాన్ని. ఎప్పుడు వెళ్ళినా వాళ్ళమ్మ కొట్టుకి మనిషిని పంపుతూ "బియ్యం నిండుకున్నాయి, పప్పు కూడా నిండుకుంది" అనేది. నేను లోలోపల అబ్బురపడేదాన్ని. ఎంత కలిగినవాళ్ళో వీళ్ళు! డబ్బాలు నిండుగా ఉండగానే మళ్ళీ కొనిపిస్తున్నారు!

మీలో కొందరు ఇప్పటికే నవ్వుతున్నారని నాకు తెలుసు. నవ్వండి. పలాస అంతా నవ్వాక మీరు నవ్వితే నాకు కొత్తగా పోయేదేమీ లేదు.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో, చేతిలో కంప్యూటర్ డిగ్రీతో, పలాసలో పాపారావు గారి జీడి ఫ్యాక్టరీలో చేరాను. ఆఫీసుగదిలో కంప్యూటరు ఉండేది. దానికి పట్టుచీర జాకెట్టుముక్కతో కుట్టించిన ముసుగు, నుదుట మూడు బొట్లు, పక్కన ఒక నిమ్మకాయ. సరిగ్గా దాని పైన గోడకి దండతో లక్ష్మీదేవి పటం. కుర్చీలో నేను. ఫ్యాక్టరీలో నా పేరు సునీత అని ఎవరికీ పట్టలేదు. అందరికీ కంప్యూటరమ్మనే.

వేసవిలో ఉద్దానం తోటల జీడిపిక్కలతో ఫ్యాక్టరీ నడిచేది. అవి అయ్యాక ఆఫ్రికా పిక్కలే దిక్కు. అవి ఓడలో విశాఖ రేవుకి వచ్చి, అక్కణ్ణుంచి లారీల్లో మా గోదాంకి చేరాలి. మధ్యలో ఓడవాళ్ళు, ఏజెంట్లు, లారీలవాళ్ళు, గోదాములవాళ్ళు. ఎవరి దగ్గర ఏముందో ఇంకొకరికి తెలిసేది కాదు. ఓడ వచ్చిందని తెలిసేసరికి లారీ ఉండదు, లారీ దొరికేసరికి గోదాంలో జాగా ఉండదు. ఈ అవస్థ చూసి రేవులో ఏజెంట్లంతా కలిసి ఇంటర్నెట్టులో ఒక పేజీ పెట్టారు. ఓడ ఎక్కడుంది, కంటైనర్లు దిగాయా, లారీ గేటు దాటిందా, ఎవరి గోదాంలో జాగా ఉంది, ఇవన్నీ ఎవరికి వారు అందులో పెట్టాలి, అందరూ చూసుకోవాలి.

ఈ సంగతి చెప్పడానికి మా ఏజెంటు కురియన్ గారు విశాఖ నుంచి స్వయంగా వచ్చారు. ఆయనది కేరళ. తెలుగు పుస్తకాలు చూసి నేర్చుకున్నారు. అందుకని మాకంటే శుద్ధంగా మాట్లాడేవారు.

"పాపారావు గారూ, ఇందులో మీ సమాచారం మీరు ఉంచాలి," అన్నారాయన.

"అంటే మన బొగట్టా అందరికీ తెలిసిపోద్దేటండీ?"

"అందరి సమాచారమూ మీకు తెలుస్తుంది."

"అది బాగున్నాది. మనది మాత్రం ఎవరికీ కనపడకండా ఎట్టండి."

కురియన్ గారు నీళ్ళు తాగారు. "అందరూ ఇదే అడుగుతున్నారు," అన్నారు.

నిజంగానే అందరూ అదే చేశారు. మొదట్లో ఆ పేజీ తెరిస్తే చిత్రంగా ఉండేది. దాని ప్రకారం విశాఖ రేవులో ఎవరికీ సరుకు రాలేదు, ఎవరి లారీ కదల్లేదు, అందరి గోదాములూ నిండిపోయి ఉన్నాయి. ఓడలు మాత్రం ఊరికే సముద్రం చూసి వెళ్ళిపోతున్నాయి. మా రోడ్డుకి అవతల, సరిగ్గా మా గేటుకి ఎదురుగా ఇంకో జీడి ఫ్యాక్టరీ ఉంది. ఆ షావుకారు తన గోదాం "మరమ్మతు"లో ఉందని పెట్టాడు. ఆ మరమ్మతు జరుగుతుండగానే రోజూ బస్తాలు లోపలికి వెళ్ళడం మేం వరండాలో కూర్చుని చూసేవాళ్ళం. పాపారావు గారు ఆ పేజీలో అతను ఏది పెడితే దానికి తలకిందులుగా అర్థం చేసుకునేవారు. అతను మా పేజీని అలాగే చదివేవాడు. ఇద్దరికీ ఆ విధంగా నిజాలు చక్కగా అందేవి.

చివరికి కురియన్ గారు ఫోను చేసి కసిరారు. "ఇకపై పేజీలో ఏది ఉంటే అదే నేను నమ్ముతాను. గోదాం నిండు అని ఉంటే మీ లారీని దారిలోనే ఆపుతాను. అబద్ధం పెట్టినవారు అనుభవించండి."

పాపారావు గారు నన్ను పిలిచారు. "ఇకమీంచి నిజమే ఎట్టమ్మా. తప్పదు మరి." గోదాములో తేలు కనిపించినంత దిగులుగా చెప్పారు.

అలా నిజం చెప్పే బాధ్యత నా మీద పడింది. నిజం చెప్పడంలో నాకు చిన్నప్పట్నుంచీ శిక్షణ ఉంది కదా. ఇంక నన్ను ఎవరాపగలరు?

ఒక గురువారం మధ్యాహ్నం మా పిక్కల లారీలు విశాఖలో బయల్దేరాయి. గోదాం స్థితి పేజీలో పెట్టాలి. మా గోదాం కాశీబుగ్గలో రైలుపట్టాల అవతల. దానికి కాపలా కూర్మన్న. మనిషి మంచివాడే కాని ఫోనంటే భయం. రిసీవరుని చెవికి జానెడు దూరంలో పట్టుకునేవాడు.

"కూర్మన్న బాబాయ్, నేనే, సునీతని."

"ఎవరమ్మా?"

"కంప్యూటరమ్మని! గోదాంలో సరుకు ఎలా ఉంది?"

"నిండుకుందమ్మా. నిన్ననే నిండుకుంది."

"పూర్తిగానా?"

"పూర్తిగానేనమ్మా. ఊడిసీసినాం కూడా."

ఊడ్చి మరీ నింపారు! ఎంత శుభ్రత! నాకు కూర్మన్న మీద గౌరవం పెరిగింది.

"అయితే పేజీలో పెట్టేస్తున్నాను బాబాయ్."

"బేగి ఎట్టియ్యమ్మా. రేపు ఆడోళ్ళకి పనుండాల గదా."

పేజీలో గోదాం పక్కన రెండు దీపాలుంటాయి. జాగా ఉంటే పచ్చది, నిండితే ఎర్రది. నేను ఎర్రది నొక్కాను. అది నిగనిగా వెలిగింది. మొత్తం రేవులో నిజం చెప్పిన మొదటి దీపం నాదే అనుకుని, మానిటరుకి ముసుగు కప్పి, బొట్లు చెదరకుండా చూసి, టెక్కలి బస్సెక్కాను. ఆ రాత్రి ఎంత సుఖంగా నిద్రపోయానో. మళ్ళీ అలాంటి నిద్ర నా జీవితంలో రాలేదు. పిల్లాడు పుట్టాక అసలే రాదనుకోండి.

మర్నాడు శుక్రవారం. నేను వెళ్ళేసరికి ఫ్యాక్టరీ చప్పుడు లేకుండా ఉంది. పప్పు మీద పొర తీసే ఆడవాళ్ళంతా చేతులు మోకాళ్ళ చుట్టూ చుట్టుకుని మెట్ల మీద కూర్చున్నారు. వాళ్ళలో పెద్ద సింహాచలం అప్ప. ఆమె ఎటు నడిస్తే ఆ గుంపంతా అటు నడుస్తుంది. ఆమె చేతులు ఎంత వేగమో నోరు అంతకి రెట్టింపు.

"ఏటి కంప్యూటరమ్మా, పిక్కలేవి? పొద్దున్నుంచి గోళ్ళు గిల్లుకుంటన్నాం."

"గోదాంలో నిండా ఉన్నాయి అప్పా. తెస్తారు."

"ఏ గోదాం?"

"మనదే."

"మనదా!" ఆమె లేచి నిలబడింది. "బుధారం నాడు ఆ గోదాం నేనే ఊడిసినాను. సీపురు, నేను, నా నీడ. ఇంకేటీ నేదందల."

"కూర్మన్న బాబాయి నిండుకుందన్నాడే!"

మెట్ల మీద మొదలైన నవ్వు వరస వరసా పాకి బాయిలరు దాకా వెళ్ళింది. నేను కూడా మర్యాదకి కొంచెం నవ్వాను. ఎందుకో తెలియదు.

"ఒలే గుంటా," అంది సింహాచలం అప్ప కళ్ళు తుడుచుకుంటూ, "నిండుకుందంటే అయిపోయిందని! మీ యింట్లో బియ్యం నిండుకుంటే మీయమ్మ ఏటనీది?"

"అయిపోయాయి అనేది."

"ఓలమ్మో! అంత మాట అనీసీదా!"

నా స్నేహితురాలి ఇంట్లో అన్నేళ్ళు చూసిన ఐశ్వర్యమంతా ఆ ఒక్క క్షణంలో కూలిపోయింది. పాపం వాళ్ళింట్లో నేను వెళ్ళినప్పుడల్లా ఏమీ ఉండేది కాదన్నమాట. రెండోసారి వడ్డించుకుని మరీ తిన్నాను.

అప్పుడే రోడ్డు అవతల నుంచి పకోడీల వాసన వచ్చింది. ఎదురు ఫ్యాక్టరీ గేటు దగ్గర పొయ్యి పెట్టి, పెద్ద గిన్నెలో టీ మరిగిస్తున్నారు. బల్లలు కూడా వేశారు. సంగతేమిటంటే, ఆ షావుకారు రాత్రే పేజీలో మా ఎర్రదీపం చూశాడట. చూసి, ఎప్పటిలాగే తలకిందులుగా చదివాడు. "పాపారావు నిండినాదని ఎట్టినాడంటే అక్కడ గింజ నేదు. రేపు ఆళ్ళ ఆడోళ్ళు కాళీగా కూకుంటారు. టీ ఎట్టండి!" అన్నాడట. చూశారా? నన్ను నమ్మిన కురియన్ గారికి అబద్ధం దక్కింది. నమ్మని ఈయనకి నిజం దక్కింది.

పాపారావు గారు స్కూటరు దిగారు. ముందు టీగిన్నెని చూశారు. తర్వాత మెట్ల మీది ఆడవాళ్ళని చూశారు. ఆఖర్న నన్ను చూశారు.

"ఎర్రదీపం నువ్వే ఎట్టినావా?"

"అవును సార్. నిండుకుందని చెప్పారు సార్."

"నిండుకుంటే పచ్చది గదమ్మా!"

"నిండు అంటే ఫుల్ కదా సార్?"

"నిండంటే ఫుల్లే. నిండుకుంటే ఫుల్లెలాగవుద్ది?"

డిగ్రీలో మాకు ఎన్నో చెప్పారు. ఆ 'కు' గురించి మాత్రం ఒక్కరూ చెప్పలేదు.

"సూడు సునీతా." ఆయన నన్ను పేరు పెట్టి పిలవడం అదే మొదలు. "ఆ ఆడోళ్ళు రోడ్డు దాటినారంటే ఈ సీజనుకింక రారు. ఆళ్ళు నేకపోతే లారీలొచ్చినా ఒకటే, రాపోయినా ఒకటే. ఆళ్ళు రోడ్డు దాటిన నిమిషంలో ఆ కంప్యూటరు పెట్టిని అట్టపెట్లో ఎట్టి పంపించీడమే. దాని ఎనకాల నువ్వూ ఎల్లిపోడమే."

లారీలు ఎక్కడున్నాయని ట్రాన్స్‌పోర్టు వాళ్ళని అడిగితే, నిమ్మాడ దగ్గర ఉన్నాయన్నారు. కురియన్ గారు ఆపించారు. అక్కడి కొట్టుకి ఫోను చేసి పిలిపిస్తే డ్రైవరు బీడీ తీయకుండానే అడిగాడట: "నువ్వు పాపారావు మనిషివని నాకేటి రుజువు? ఏజెంటు మాట నేకండా సక్రం కదల్దు."

ఇక నేను పేజీలో పచ్చదీపం పెట్టబోయాను. మోడెము కుయ్యిమంది, కీచుమంది, పిల్లినీ కోడినీ ఒకే గంపలో మూసినట్టు గోల చేసింది, ఆగిపోయింది. మళ్ళీ మొదలెట్టింది. అప్పటికి సింహాచలం అప్ప గేటు దాకా నడిచి "టీ ఏడిగా ఉన్నాదే!" అని వెనక్కి కేకేస్తోంది. ఎట్టకేలకు పచ్చదీపం వెలిగింది. వెలిగీ వెలగ్గానే ఫోను మోగింది. కురియన్ గారు ఫోనులో మాట్లాడితే రిసీవరు ఎత్తడం లాంఛనం మాత్రమే. గదంతా వినబడుతుంది.

"నిన్న మీ గోదాం నిండు. నేడు ఖాళీ. ఒక రాత్రిలో గోదాము మొత్తం మీరు భుజించారా?"

"లేదు సార్, నిన్నటిది పొరపాటు."

"పొరపాటు నిన్నటిదా, నేటిదా? మాట్లాడుతున్నది సునీత అని నేనెట్లు నమ్మాలి? మీ పాస్‌వర్డు మీ గోడ క్యాలెండరు మీద వ్రాసి ఉంటుంది. ఎదురు ఫ్యాక్టరీ వారు కూడా దానితో ప్రవేశించగలరు. యజమానిని పిలవండి. ఆయన నోటితో చెప్పాలి."

పాపారావు గారు రిసీవరు అందుకున్నారు. "కురియన్ గారూ, పాపారావునండి."

"చెప్పండి. గోదాంలో సరుకు ఎట్లున్నది?"

పాపారావు గారు నోరు తెరిచారు. కళ్ళు పైకి వెళ్ళాయి. పైన లక్ష్మీదేవి. శుక్రవారం. అప్పుడే వెలిగించిన అగరొత్తి పొగ ఆవిడ చెవి దగ్గరే తిరుగుతోంది. నోరు మూసుకుంది. మళ్ళీ తెరుచుకుంది.

"సరుకు... నిండుకుందండి."

"చూశారా! నిండు!"

"అది కాదండీ. నిండుకుంది. బాగా నిండుకుంది! మొత్తం నిండుకుంది!" ఆయన గొంతు పెంచిన కొద్దీ అవతల గోదాం నిండుతోంది.

"అర్థమైనది. ఒక బస్తా కూడా పట్టదు."

"పడతాదండీ! బోల్డంత జాగా ఉన్నాది!"

కురియన్ గారు గొంతు తగ్గించి అడిగారు. "పాపారావు గారూ, నిండు అంటున్నారు, జాగా కూడా అంటున్నారు. మీ ప్రక్కన ఎవరైనా నిలబడి మిమ్మల్ని బెదిరిస్తున్నారా? అవును, కాదు అని మాత్రం చెప్పండి."

"ఎవరూ నేరండీ. లచ్చిందేవి ఉన్నాది, అంతే."

"లక్ష్మీదేవి ఎవరు? క్రొత్త క్లర్కా?"

నేను ఆయన చొక్కా పట్టుకుని లాగినంత పని చేశాను. "సార్, ఒక్కసారి ఖాళీ అనెయ్యండి సార్."

అప్పుడే సైకిల్ మీద వచ్చిన కూర్మన్న గుమ్మంలో చెవులు మూసుకున్నాడు. కిటికీలోంచి చూస్తున్న ఆడవాళ్ళు "ఓలమ్మో, సుక్కురారం పూట!" అన్నారు.

"పోనీ ఇంగ్లీషులో అనండి సార్. ఎంప్టీ అని."

"ఏపారమంతా ఇంగ్లీషులోనే నడుత్తంటే ఆవిడికి ఇంగ్లీసు రాదేటి?"

నేను పటం వైపు చూశాను. ఆవిడ ముఖం చూస్తే ఇంగ్లీషు వచ్చేట్టే ఉంది.

పాపారావు గారు ఫోనులో అన్నారు. "కురియన్ గారూ, ఆ మాట మా కంప్యూటరమ్మ సెప్తాదండి. ఆ పిల్ల సెప్పినాదంటే నేను సెప్పినట్టే. ఒక్క నిమిషం ఆగండి, నేను బయటికెల్తాను." రిసీవరు నా చేతిలో పెట్టి గొంతు తగ్గించారు. "మీ యింట్లో పట్టింపు నేదు గదమ్మా. అనీ. నేను ఎల్లినాక అనీ."

ఆయన చెప్పులు విడిచి కుర్చీ ఎక్కారు. పటాన్ని దండతో సహా దింపి, గుండెకి ఆనించుకుని, ఆవిడ చెవులకి అరచేతులు అడ్డం పెట్టి వరండాలోకి నడిచారు. అక్కడికి కూడా వినబడుతుందేమోనని అనుమానం వచ్చి గేటు దాకా వెళ్ళారు. కూర్మన్న అగరొత్తుల స్టాండు పట్టుకుని వెనకే పరుగెత్తాడు. నేను రిసీవరు నోటి దగ్గర పెట్టుకున్నాను.

"ఖాళీ సార్!"

"ఏమిటి? లైను బాగా లేదు."

"ఖాళీ! ఖాళీ!"

"ముందు లక్ష్మి అన్నారు, ఇప్పుడు కాళి అంటున్నారు. ఇది గోదామా, గుడియా?"

ఇక నా ఓపిక కూడా నిండుకుంది. చూశారా, ఆ మాట వాడడం ఆ రోజే వచ్చేసింది. కుర్చీలోంచి లేచి, మా నాన్న నేర్పిన నిజాయితీ అంతా గొంతులోకి తెచ్చుకుని, కిటికీ అద్దాలు అదిరేలా అరిచాను.

"మా గోదాంలో ఏమీ లేదు సార్! గింజ లేదు! తొక్క లేదు! అంతా అయిపోయింది! ఊడ్చేశారు కూడా! ఎంప్టీ! ఎంప్టీ! ఎంప్టీ!"

ఎవరో గుప్పెడు ఉప్పు తెచ్చి కంప్యూటరు చుట్టూ తిప్పి, అదే చేత్తో నా చుట్టూ కూడా తిప్పారు.

"ఈ మాట నిన్ననే ఇంత స్పష్టంగా చెప్పి ఉండవచ్చును కదా," అన్నారు కురియన్ గారు శాంతంగా. "లారీలను వదులుతాను."

నాకు కుర్చీలో కూలబడాలనిపించింది. కాని నిమ్మాడ నుంచి పలాస రావాలి కదా లారీలు. వాకిట్లోకి వెళ్ళి చూస్తే మెట్ల మీద ఎవరూ లేరు. సింహాచలం అప్ప ముందు, మిగిలినవాళ్ళు వెనక, గేటు బయట నిలబడి బస్సు వెళ్ళేదాకా ఆగుతున్నారు. రోడ్డు దాటడానికి.

"అప్పా, లారీలు బయల్దేరాయి! కాసేపు ఆగండి!"

"లారీలొత్తే కేకెయ్యమ్మా. టీ తాగీసి వొత్తాం."

"ఆ టీ తాగితే ఇంకేం వొత్తారు," అన్నారు పాపారావు గారు గేటు దగ్గర. ఆయన చెయ్యి అడ్డం పెడదామంటే చేతుల్లో లక్ష్మీదేవి ఉంది. బస్సు వెళ్ళిపోయింది. వాళ్ళు దాటేశారు. నాకు కళ్ళ ముందు అట్టపెట్టె కనిపించింది. నేనూ, మానిటరూ, నిమ్మకాయా ముగ్గురం అందులో సర్దుకుని టెక్కలి బస్సులో కూర్చున్నాం.

అప్పుడు ఎదురు షావుకారు తన గేటులోకి వచ్చాడు. మా కిటికీ వైపు చూశాడు. పటం పట్టుకుని నడిరోడ్డుకి వచ్చేసిన పాపారావు గారిని చూశాడు. టీ కోసం చేతులు చాచిన ఆడవాళ్ళని చూశాడు. నా కేక రోడ్డు అవతలకి వినబడిందని చెప్పక్కర్లేదు కదా. అది నిమ్మాడలో డ్రైవర్లకి కూడా వినబడి ఉంటుంది. అతను తన గుమస్తాతో అన్న మాటలు ఆ తర్వాత ఆ గుమస్తాయే మాకు చెప్పాడు.

"ఏరా, పాపారావు గోదాంలో సరుకు నేదని ఆ పిల్ల ఊరంతా ఇనపడీలాగ అరుత్తున్నాది. సుక్కురారం పూట! లచ్చిందేవిని బయటికి తెచ్చి మరీ నాటకం ఆడతన్నారు. అంటే ఏటి? లోపల బస్తాలు కప్పుకి తగులుతన్నాయన్నమాట. నాలుగు రోజులు ఈళ్ళందరికీ కూలి నా సేత కట్టించి, ఆనక పని మొదలెట్టి లాగేసుకుంటాడు. నాకు తెలీదేటి పాపారావు సంగతి!"

అతను టీగిన్నె మీద గబుక్కున మూత పెట్టాడు. ఆడవాళ్ళ వైపు తిరిగి, చేతులు జోడించి, మర్యాదగా అన్నాడు.

"టీ నిండుకుందమ్మా."

ఆ మాటకి ఈసారి నాకు అర్థం వెంటనే తట్టింది.

సింహాచలం అప్ప గిన్నె వైపు చూసింది. మూత సందుల్లోంచి పొగ వస్తోంది. "పొగలు కక్కుతుంటే నిండుకుందేటయ్యా?"

"నిండుకుందమ్మా. పకోడీ కూడా నిండుకుంది."

"పిలిసి బల్లేసి కూకోబెట్టి, నోటికాడ టీ మూసీడమేటి! మాకేటి టీ కరువా?" ఆమె కొంగు విసురుగా దోపుకుంది. "పదండే! ఈ గేటుకాడ ఇంక నేను నీడ కూడా పడనియ్యను!" అని వచ్చినదానికంటే వేగంగా రోడ్డు దాటి వచ్చి, మా మెట్ల మీద కూర్చుంది. వెనకే గుంపంతా. "బాబూ, మా టీ ఏదీ?" అని పాపారావు గారినే అడిగింది. ఆయన పటాన్ని నా చేతికిచ్చి, స్కూటరెక్కి, టీ తేవడానికి తనే వెళ్ళారు. షావుకారు టీ తేవడం పలాసలో అదే మొదటిసారి అని ఇప్పటికీ చెప్పుకుంటారు.

వాళ్ళు టీ తాగి, ఎదురు షావుకారు వంశాన్ని వెనకటి తరాల దాకా దులిపి ఆరేసేసరికి లారీ హారన్ వినబడింది.

పాపారావు గారు పటాన్ని మళ్ళీ మేకుకి తగిలించి, దండం పెట్టి, "తెలీని పిల్ల తల్లీ, మన్నించీ," అన్నారు. నా గురించే. ఆ తర్వాత అట్టపెట్టె మాట ఎత్తలేదు. ఒక కొత్త పద్ధతి మాత్రం పెట్టారు. పేజీలో గోదాం సంగతి పెట్టాల్సిన ప్రతిసారీ ఆయన పటాన్ని తీసుకుని గేటు దగ్గరికి వెళ్ళేవారు, నేను పని అయ్యాక ఈల వేసేదాన్ని, ఆయన తిరిగొచ్చేవారు. పెళ్ళై ఉద్యోగం మానేసేదాకా ఆ ఈల వేస్తూనే ఉన్నాను. కురియన్ గారు మా పేజీని మిగిలినవాళ్ళకి ఆదర్శంగా చూపించేవారని విన్నాను. దాని వెనక ఎంత మోత ఉందో ఆయనకి తెలియదు.

ఇప్పుడు బారువలో కాపురం. మా అత్త మాతోనే ఉంటుంది. ఈ సాయంత్రం వర్షం జోరుగా పడుతుండగా బాబు ఏడుపు అందుకున్నాడు. నేను వాణ్ణి భుజాన వేసుకుని వంటింటి వైపు కేకేశాను.

"అత్తా, బాబు పాలపొడి ఎలా ఉంది?"

"నిండుగా ఉన్నాదే!"

నిండు. ఆ మాట చెవిలో పడ్డాక మిగిలింది నాకు వినబడదు. పాలపొడి అయిపోయింది! పిల్లాడికి పాలు లేవు! అప్పుడే పని నుంచి వచ్చి చొక్కా విప్పబోతున్న మా ఆయన్ని అలాగే వెనక్కి తిప్పి, గొడుగు కూడా ఇవ్వకుండా, సోంపేట పంపించాను. ఆయన తడిసి, వణికి, కొత్త డబ్బాని చొక్కాలో దాచుకుని వచ్చాడు. దాన్ని పెట్టడానికి బీరువా తీస్తే లోపల పాత డబ్బా. మూత తీశాను. అంచు దాకా పాలపొడి.

"ఇదేటే?" అన్నాడు ఆయన. ముక్కు చివర్నించి నీళ్ళు కారుతున్నాయి.

"అత్త నిండుగా ఉందంది బావా."

"నిండుగా అంటే నిండుగానే గదే!"

"నీకు తెలీదు బావా. ఆ మాటని నమ్మకూడదు."

ఆయన తువ్వాలు తీసుకుని వెళ్ళిపోయాడు. అత్త మాత్రం గుమ్మంలో నిలబడి నన్ను పైనుంచి కిందకి చూసి, "నీకు ఎవరో ఏటో సేసినారే," అంది.

కనుక ఈ రెండు పాలడబ్బాల మీద రెండు చేతులూ ఆనించి, చదివే మీ అందరి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట నిండు అనే మాట ఏ రూపంలో వినబడినా, దాన్ని నమ్మను, నమ్మకపోవడం కూడా చెయ్యను. లేచి వెళ్ళి, మూత తీసి, చెయ్యి పెట్టి చూసేదాకా ఎర్రదీపం వెలిగించను, పచ్చదీపం వెలిగించను, మొగుణ్ణి వానలోకి పంపను. ఈ మాట తప్పితే నా కంప్యూటర్ డిగ్రీ నిండుకోవాలి గాక.

అదుగో, బాబు మళ్ళీ లేచాడు. కడుపు నిండి ఏడుస్తున్నాడో, నిండుకుని ఏడుస్తున్నాడో.

వెళ్ళి చూసొస్తాను.